కెమెరాకు తెలుపు తెలియదు



ధమ్మ మిత్రులారా,

ఈసారి మీకు ఒక కొత్త కెమెరా గురించీ, ఒక మంచు ఒడ్డు గురించీ చెప్పాలి. "ధమ్మం చెప్పమంటే ఫోటోల సంగతి ఎత్తుకుందేమిటి ఈవిడ" అనుకోకండి. ఆ ఒడ్డు మీద నేను చావు దగ్గర దాకా నడిచి వెళ్ళాను. తెలిసి వెళ్ళలేదు, నవ్వుకుంటూ వెళ్ళాను. ఆదివారం ఆదివారం విహారంలో కూర్చుని మీకు ఎరుక గురించి చెప్పే మనిషిని నేను. అందుకే ఈ సంగతి మీ దగ్గర దాచకూడదు అనిపించింది.

మా తమ్ముడు అమెరికాలో చికాగోకు గంట ప్రయాణం దూరంలో ఉంటాడు. మొన్న జనవరిలో వాళ్ళింటికి వెళ్ళాను. "అక్కా, మీ మీటింగులూ ర్యాలీలూ ఎన్నాళ్ళు సెల్‌ఫోన్‌తో తీస్తావు?" అని కొత్త కెమెరా ఒకటి చేతిలో పెట్టాడు. బి.ఏ. చదువుకున్న రోజుల్లో ఫ్రెండు కెమెరా ఒక్కసారి పట్టుకోనిస్తే చాలని తిరిగినదాన్ని. సంతోషం పట్టలేకపోయాను.

వాళ్ళింటికి దగ్గర్లో మిషిగన్ సరస్సు ఉంది. దాని దక్షిణపు ఒడ్డున ఇసుక దిబ్బలున్న చోటును ఇండియానా డ్యూన్స్ అంటారు. 2019లో దాన్ని జాతీయ పార్కు చేశారు. సరస్సు అంటే మన ఊరి చెరువుకు పెద్దన్న అనుకునేరు. పొడవు దాదాపు 500 కిలోమీటర్లు, వెడల్పు 190 కిలోమీటర్లు, బాగా లోతైన చోట 280 మీటర్లు. ఎదురుగా చూస్తే అవతలి గట్టు కనబడదు. ఎడమ పక్కకు చూస్తే మాత్రం నీటి చివర చికాగో మేడలు అగ్గిపుల్లలు గుచ్చినట్టు కనబడతాయి. చలికాలంలో ఆ ఒడ్డంతా మంచుగడ్డలు గుట్టలుగా పేరుకుంటాయి.

అక్కడ చలికాలంలో ఎండ కరువు. సరస్సు మీది ఆవిరి వల్ల రోజుల తరబడి మబ్బే. నేను వెళ్ళిన వారం అలాగే గడిచింది. ఎనిమిదో రోజు పొద్దున కళ్ళు చెదిరే ఎండ వచ్చింది. మైనస్ 12 డిగ్రీల చలి, పైన నీలం ఆకాశం, కింద తెల్లటి మంచు. తమ్ముడినీ మేనల్లుణ్ణీ తొందరపెట్టి బయల్దేరదీశాను.

ఒడ్డుకు చేరగానే ముప్పై నలభై ఫోటోలు తీశాను. కారులో కూర్చుని చూసుకుంటే గుండె జారిపోయింది. నా కంటికి పాలలా కనిపించిన మంచు ఫోటోలో మాసిన పంచెలా ఉంది. ఎండ ఉన్నట్టే లేదు. "కెమెరా పాడైందిరా, వెనక్కి ఇచ్చెయ్" అన్నాను తమ్ముడితో. పదమూడేళ్ళ మా మేనల్లుడు నవ్వాడు. "కెమెరా బాగానే ఉంది అత్తా. దానికి వైట్ తెలీదు, అంతే" అన్నాడు.

వాడు చెప్పింది మీరు కాస్త జాగ్రత్తగా వినండి. మనకు పనికొచ్చే ధమ్మం అందులోనే ఉంది.

కెమెరా లోపల వెలుగును కొలిచే మీటరు ఉంటుంది. తన ముందున్నది మంచో, బొగ్గుకుప్పో దానికి తెలియదు. లోకమంతా సగటున ఒక నడిమి బూడిద రంగు అని దాని లెక్క. పడిన వెలుగులో సుమారు 18 శాతం తిప్పి పంపే రంగు అది. అప్పుడే కురిసిన మంచు 80, 90 శాతం వెలుగును తిప్పి కొడుతుంది. మీటరు అది చూసి "అమ్మో, వెలుగు మరీ ఎక్కువైంది" అనుకుని తగ్గించేస్తుంది. తెలుపు బూడిదవుతుంది. నల్ల గేదెను దగ్గరగా తీయండి, "వెలుగు చాలలేదు" అనుకుని పెంచేస్తుంది. నలుపు కూడా బూడిదవుతుంది. ఇప్పటి కెమెరాలు కొంత తెలివి మీరినవే. అయినా ఎటు చూసినా మంచే ఉంటే వాటికీ పాత అలవాటు బయటపడుతుంది.

మరి దీనికి మందేమిటి? ప్లస్, మైనస్ గుర్తులున్న మీట ఒకటి ఉంటుంది. మంచులో దాన్ని ప్లస్ ఒకటి నుంచి రెండు దాకా జరపాలి. నల్లటి వస్తువు అయితే మైనస్ వైపు. ప్లస్ మరీ ఎక్కువైతే మంచు మీది గాలి గీతలూ నీడలూ చెరిగిపోయి తెల్ల కాగితం మిగులుతుంది. అందుకని తీయాలి, చూసుకోవాలి, దిద్దుకోవాలి, మళ్ళీ తీయాలి. ఎండలో వెనక తెర వెలవెలబోయి కనిపిస్తుంది కాబట్టి కంటి మీద ఆధారపడకుండా, వెలుగు ఎక్కడ ఎంత పడిందో గీసి చూపించే హిస్టోగ్రాం పటం చూసుకోవాలి.

నమ్మకపోతే మీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే పరీక్షించండి. గదిలో నిలబడి, కెమెరా తెరిచి, వెలుగున్న కిటికీ మీద వేలితో నొక్కండి. గదంతా చీకటైపోతుంది. గదిలో చీకటి మూల మీద నొక్కండి. ఈసారి కిటికీ తెల్లగా మండిపోతుంది. గది మారలేదు, కిటికీ మారలేదు. వేలు ఎక్కడ పెట్టారన్నదే మారింది. వచ్చి చూడండి అన్నదే గదా మన ధమ్మం. ఇదీ చూసి తెలుసుకోవలసిందే.

మన మనసులోనూ ఇలాంటి మీటరు ఒకటుంది. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అని ఐదు స్కంధాలు చెప్పుకుంటాం. అందులో సంజ్ఞ అంటే గుర్తుపట్టే పని. ఎదురైన దాన్ని "ఇది ఫలానా" అని ముద్ర వేసేది అదే. తప్పు ముద్ర పడితే దాన్ని విపల్లాసం అన్నారు, అంటే తారుమారు. నిలవని దాన్ని నిలుస్తుందనుకోవడం, దుఃఖాన్ని సుఖం అనుకోవడం, నాది కానిదాన్ని నేను అనుకోవడం, రోతను అందం అనుకోవడం. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అని నమ్మే అమాయకుడి సామెత మనకు ఉండనే ఉంది. అలా నమ్మడం మనసుకున్న అలవాటు. తెలిసి చేసే మోసం కాదది. అలవాటు కాబట్టే దాన్ని తెలుసుకుని దిద్దుకోవచ్చు.

ఇంత బాగా అర్థమైంది గదా నాకు. పది నిమిషాల తర్వాత ఏం చేశానో చూడండి.

మీట ప్లస్ వైపు జరిపి మళ్ళీ దిగాను. ఈసారి మంచు మంచులాగే వచ్చింది. ఒక్కో గడ్డ అంచున ఎండ తగిలి గాజులా మెరుస్తోంది. నీడలు లేత నీలంగా ఉన్నాయి, నీలాకాశం వెలుగే ఆ నీడల్లో పడుతుంది గనుక. ఒక ఫోటో బాగా వచ్చింది. అంతకంటే మంచిది కావాలనిపించింది. ఇంకాస్త ముందుకెళ్తే అలలు గడ్డల మధ్య నుంచి పైకి చిమ్మే చోటు దొరుకుతుంది. ఇంకాస్త. కన్ను కెమెరాకు అంటించుకుని నడుస్తున్నాను. కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూడటం లేదు. దారిలో హెచ్చరిక బోర్డు ఉంది. దాన్ని చూశాను కూడా. "ముందు మంచు బాగుంది, ఈ బోర్డు అడ్డొస్తోంది" అనుకుని పక్కకు జరిగి ఫోటో తీశాను.

కంటికి రూపం తగిలింది, అది స్పర్శ. హాయిగా ఉంది, అది వేదన. ఇంకా కావాలి, అది తృష్ణ. ఈ మూడూ వరసగా బోర్డు మీద రాసి పిల్లలకు చెప్పినదాన్ని నేను. ఆ వేళ అవి నా కాళ్ళను నడిపించాయి.

అప్పుడు వెనక నుంచి కేక వినిపించింది. ఎవరో ముసలాయన, తెల్లాయన, కుక్కను పట్టుకుని ఇసుక మీద నిలబడి రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు. "దిగు! అక్కణ్ణించి వెనక్కి రా!" అని ఇంగ్లీషులో. గొంతు చాలా కటువుగా ఉంది.

మిత్రులారా, నాకు ఏం వినబడిందో చెప్పనా? మా ఊరి చెరువు వినబడింది. మా చెరువుకు రెండు రేవులుండేవి. పదేళ్ళ వయసులో తెలియక ఊరివాళ్ళ రేవులో బిందె ముంచాను. గట్టు మీద నుంచి ఒకాయన ఇలాగే చేతులూపుతూ "దూరం, దూరం, ఎక్కవే బయటికి" అని అరిచాడు. ఆ బిందె మా అమ్మ మళ్ళీ ఎప్పుడూ వాడలేదు. ముప్పై ఏళ్ళు దాటాయి. ఒడ్డు, నీళ్ళు, అరుపు, ఈ మూడూ ఒకచోట కలిసేసరికి నా మీటరు పాత కొలతే చూపించింది. "ఇక్కడ కూడానా? ఈ నీళ్ళు కూడా మీ సొంతమేనా?" అని ఒళ్ళంతా మండింది. బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్ళు తాగింది ఇందుకేగా అనుకున్నాను. ఒక అడుగు వెనక్కి వేయాల్సింది పోయి, పంతం కొద్దీ ఒక అడుగు ముందుకు వేశాను.

కాలి కింద డొల్ల చప్పుడైంది. ఖాళీ డబ్బా మీద అడుగేసినట్టు.

ఆ చప్పుడుకు ఆగిపోయాను. నేను చేసిన గొప్ప పనేమీ లేదు, ఆగాను అంతే. ఊపిరి తెలిసింది. కాళ్ళు తెలిశాయి. ముసలాయన ముఖం వైపు మొదటిసారి సరిగ్గా చూశాను. ఆ ముఖంలో కోపం లేదు, భయం ఉంది. నా కోసం పడుతున్న భయం. నా అడుగుల్లోనే అడుగులేసుకుంటూ నెమ్మదిగా వెనక్కి వచ్చాను.

ఆయన వణుకుతూ చెప్పాడు. నేను నిలబడింది నేల కాదట. గాలి తోసుకొచ్చిన మంచుగడ్డలూ, చిమ్మిన నీళ్ళూ ఒడ్డుకు ఆనుకుని గడ్డకట్టి చూరులా ముందుకు పెరుగుతాయి. చిన్న కుంట గడ్డకట్టినట్టు అంతా ఒకే పలకగా ఉండదు. లోపల ఖాళీలుంటాయి, అడుగున అల తొలుస్తూనే ఉంటుంది. పైన మంచూ ఇసుకా కప్పేయడంతో ఒడ్డు ఎక్కడ అయిపోయిందో తెలియదు. విరిగితే మనిషి నేరుగా నీళ్ళలోకి పోతాడు. అంత చల్లటి నీళ్ళలో మొదటి నిమిషం ఊపిరి చేతిలో ఉండదు, పది నిమిషాల్లో చేతులు మొద్దుబారిపోతాయి. పైన నున్నటి మంచు గోడ, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. "నేనూ కుర్రతనంలో ఇలాగే నడిచాను. చెప్పేవాళ్ళు లేరు" అన్నాడాయన. నేను చేతులు జోడించాను. నా మీద అరిచిన మనిషికి చేతులు జోడించడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఇప్పుడు మీరు నన్ను ఒక ప్రశ్న అడగాలి. "అయితే అక్కా, చెరువు దగ్గర జరిగింది మరిచిపోమంటావా? అరిచినవాళ్ళందరూ మన మంచికే అరుస్తున్నారు అనుకోమంటావా?"

కాదు. మా ఊరి చెరువు దగ్గర నా మీటరు తప్పు చూపించలేదు. అక్కడ అవమానం నిజం, అరుపు వెనక ద్వేషం నిజం. దాని మీద పోరాడటమూ ధమ్మమే. నేను చెప్పేది వేరు. ఒక చోట నిజమైన కొలతను అన్ని చోట్లా నిజం అనుకుంటే మనం ప్రపంచాన్ని చూడటం మానేసి బూడిదను చూస్తాం. మంచుకు ప్లస్ కావాలి, గేదెకు మైనస్ కావాలి. ఏది కావాలో మీటరు చెప్పదు, ఎదురుగా ఉన్నదాన్ని చూస్తేనే తెలుస్తుంది. బుద్ధుడు ఎరుకను కోట ద్వారపాలకుడితో పోల్చాడు. తెలిసినవాణ్ణి లోపలికి రానిస్తాడు, తెలియనివాణ్ణి ఆపుతాడు. ఇద్దరికీ తలుపు మూసేవాడు ద్వారపాలకుడు కాదు, వాడు ఒట్టి గోడ. ఆ రోజు నా పంతం గోడలా నిలబడి, నన్ను బతికించే మాటనే బయట ఆపబోయింది.

కొలత ఎదుటివాళ్ళలోనూ తప్పుతుంది. ఆ సాయంత్రం మేనల్లుడు మంచు ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీశాడు. మంచు చక్కగా వచ్చింది, నా ముఖం మసిగుడ్డలా వచ్చింది. "సారీ అత్తా, మీటరు మంచును చూసింది, నిన్ను చూడలేదు" అని ఈసారి నా ముఖం మీద కొలిచి తీశాడు. మా అమ్మ పోలికలు కనిపించాయి అందులో. ఒకప్పుడు కోడక్ కంపెనీ రంగుల ఫోటోలు సరిచూసుకోడానికి ల్యాబులకు పంపిన నమూనా కార్డుల మీద ఏళ్ళ తరబడి తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. షర్లీ కార్డులు అనేవారు వాటిని. ఆ చర్మానికి సరిపోయిన కొలతలో నల్లవాళ్ళ ముఖాలు సరిగ్గా వచ్చేవి కావు. ఎవరి ముఖం మీద కొలత పెట్టారు అన్నది ఫోటోల్లోనే కాదు, సమాజంలోనూ అడగాల్సిన ప్రశ్నే. అయితే ఆ ప్రశ్న అడిగే హక్కు మనకుంది గనుక, మన కొలతను మనం పరీక్షించుకునే బాధ్యత కూడా ఉంది.

రెండు రోజుల తర్వాత మళ్ళీ అక్కడికి వెళ్ళాం. గాలి దక్షిణం నుంచి తిరిగింది. నేను నిలబడిన మంచు గుట్ట లేదు. అక్కడ నల్లటి నీళ్ళు కదులుతున్నాయి. నా కెమెరాలో మాత్రం ఆ గుట్ట ఎండలో మెరుస్తూ గట్టి నేలలా నిలబడి ఉంది. అనిత్యం గురించి ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆ నీళ్ళ ముందు నోట మాట రాలేదు.

బుద్ధుడు చెప్పిన నూనె గిన్నె పోలిక మీకు తెలుసు. ఒకవైపు జనం, ఇంకోవైపు ఆడిపాడే అందగత్తె, ఆ నడుమ నుంచి అంచుదాకా నిండిన నూనె గిన్నెతో నడవాలి. వెనక కత్తి పట్టుకున్నవాడు. ఒక్క చుక్క ఒలికితే తల పోతుంది. విహారంలో విన్నప్పుడు ఆ కత్తివాడు కథలోని మనిషి అనుకున్నాను. ఆ ఒడ్డున కత్తి నా పాదాల కిందే ఉంది.

అందుకని మీకు కొన్ని మాటలు. మీలో చాలామంది పిల్లలు చదువులకనీ ఉద్యోగాలకనీ చలి దేశాల్లో ఉన్నారు. మన లడఖ్‌లోని పాంగాంగ్ సరస్సు కూడా చలికాలంలో గడ్డకడుతుంది, చూడటానికి వెళ్ళేవాళ్ళున్నారు. వాళ్ళకు చదివి వినిపించండి.

మొదటిది, నడిచేటప్పుడు కెమెరా కంటికి పెట్టుకోవద్దు. నిలబడి తీయండి, దించి నడవండి. ఒక్కసారికి ఒక్క పనే.

రెండోది, ఇసుక, రాయి స్పష్టంగా కనబడే చోటే నిలబడండి. బోర్డు ఉంటే అది మీకోసమే రాశారు అనుకోండి.

మూడోది, మంచు మీది ఎండ కళ్ళను కమిలిస్తుంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి. ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు ఎముకతో, కర్రతో కళ్ళకు అచ్ఛాదనలు చేసి, సన్నటి గీత మేర మాత్రమే తెరిచి ఉంచేవారు. ఇంద్రియ సంవరం అంటే నాకు అదే గుర్తొస్తుంది. కళ్ళు మూసుకోమని కాదు, తగినంతే తెరవమని.

నాలుగోది, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. రెండోది ఒంటికి ఆనేలా లోపలి జేబులో పెట్టుకోండి. ఇంట్లోకి వచ్చే ముందే కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించండి. లేకపోతే వెచ్చటి గాలి తగిలి చెమ్మ పడుతుంది. చల్లని వస్తువును నెమ్మదిగా వెచ్చబడనివ్వాలి. కోపంలో ఉన్న మనసుకూ ఇదే వైద్యం.

ఐదోది అందరికీ, మంచు చూడనివాళ్ళకు కూడా. రేపు ఎవరైనా మీ మీద గొంతు పెంచితే, జవాబు చెప్పేముందు ఒక్క ఊపిరి తీసుకుని వాళ్ళ ముఖం చూడండి. అది ద్వేషమైతే నిలబడి ఎదుర్కోండి, మేమూ మీ పక్కన ఉంటాం. అది భయమో, బాధో, ప్రేమో అయితే అడుగు వెనక్కి వేయండి. ఏదో తెలుసుకోవడానికి ఆ ఒక్క ఊపిరి చాలు. నాకు చాలింది.

మేనల్లుడు తీసిన ఆ రెండో ఫోటో ఇప్పుడు మా విహారంలో, పుస్తకాల అలమర పక్కన పెట్టాను. వచ్చినప్పుడు చూడండి. వెనక మంచు మరీ తెల్లగా కాలిపోయింది, కానీ ముఖం స్పష్టంగా ఉంది.

అందరికీ మంగళం కలగాలి. జై భీమ్.